పొగ మానిన వైద్యుల కథ

వ్యసనం అంటుకోవడానికి ఒక్క గడియ చాలును, వదలడానికి ఒక జన్మ చాలదు అని లోకంలో అంటూ ఉంటారు. సిగరెట్టు విషయంలో ఈ మాట ఎంతవరకు నిజం? పట్టుదల లేనివారు మాత్రమే పొగ మానలేకపోతున్నారా? ఇరవై ముప్పయి ఏండ్లు కాల్చిన తరువాత మానినందువల్ల ప్రయోజనం ఏమైనా ఉన్నదా? ఈ ప్రశ్నలకు సమాధానాలు ప్రయోగశాలలలోనే దొరకలేదు. సిగరెట్లు, చుట్టలు కాల్చి, మానడానికి ప్రయత్నించి, కొందరు నెగ్గి, కొందరు ఓడిన మనుష్యుల అనుభవం నుండి కూడా దొరికినవి. వారిలో పెక్కుమంది వైద్యులే కావడం ఈ చరిత్రలోని విశేషం.

ఫ్రాయిడ్ పోరాటం

మనస్తత్వ శాస్త్రంలో కొత్త త్రోవ త్రొక్కిన సిగ్మండ్ ఫ్రాయిడ్ 1856లో జన్మించాడు. ఆయన వియన్నా నగరంలో వైద్యుడు. ఇరవై నాలుగవ ఏట పొగ త్రాగడం మొదలుపెట్టాడు. మొదట సిగరెట్లు, కొద్దికాలానికే పూర్తిగా చుట్టలు. రోజుకు సుమారు ఇరవై చుట్టలు కాల్చేవాడు. చుట్ట లేనిదే కలం సాగదని ఆయన నమ్మకం.

1894 నాటికి ఆయన గుండె సరిగా కొట్టుకోకపోవడం మొదలైనది. బెర్లిన్ నగరంలో ముక్కు, గొంతు వైద్యుడుగా ఉన్న విల్‌హెల్మ్ ఫ్లీస్ ఆయనకు ఆప్తమిత్రుడు. చుట్టలు తక్షణం మానవలసినదని ఫ్లీస్ ఆజ్ఞాపించాడు. ఫ్రాయిడ్ మానాడు. మానిన తరువాత తాను పడ్డ బాధను మిత్రునికి ఉత్తరాలలో వివరంగా వ్రాశాడు. పొగ త్రాగే రోజులలో కంటె మానిన తరువాతనే గుండెదడ ఎక్కువైనట్లు తోచిందనీ, మనస్సు క్రుంగిపోయిందనీ, పని చేసే శక్తి సన్నగిల్లిందనీ ఆ ఉత్తరాల సారాంశం. ఏడు వారాలు ఓర్చుకొన్నాడు. ఆ తరువాత మళ్ళీ చుట్ట వెలిగించాడు. వెలిగించగానే మనస్సు తేటపడినది, కలం కదిలినది. చుట్ట వల్లనే తనకు పని చేసే శక్తి వస్తున్నదనే నమ్మకం మరింత బలపడినది.

ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనించాలి. ఫ్రాయిడ్ పడ్డ బాధ కల్పన కాదు. కాని ఆ బాధకు కారణం పొగాకు లేకపోవడమా, లేక అన్ని సంవత్సరాలుగా పొగాకు శరీరంలో కలిగించిన మార్పా? మనుష్యుల మనస్సులను లోతుగా పరిశీలించిన ఆ మేధావికి కూడా ఈ ప్రశ్నకు సరియైన సమాధానం ఆనాడు అందలేదు.

1923లో ఆయన కుడి దవడలోను, అంగిలిలోను కాన్సర్ వ్రణం కనిపించినది. ఆ సంవత్సరమే అక్టోబరు నెలలో హాన్స్ పిష్లర్ అనే శస్త్రవైద్యుడు పెద్ద శస్త్రచికిత్స చేసి దవడలో కొంత భాగాన్ని తొలగించాడు. నోటికీ, ముక్కుకీ మధ్య ఏర్పడిన ఖాళీని కప్పడానికి ఒక కృత్రిమమైన పళ్ళపలక అమర్చవలసి వచ్చినది. దానిని పెట్టడం, తీయడం నరకయాతన. ఆ ఇంటివారు దానిని రాక్షసి అని పిలిచేవారు. తరువాతి పదహారు సంవత్సరాలలో ముప్పయికి పైగా శస్త్రచికిత్సలు జరిగినవి. మాట స్పష్టత కోల్పోయినది, భోజనం కష్టమైనది. అయినా చుట్ట పోలేదు. గుండె నొప్పి వచ్చినప్పుడు కొద్ది రోజులు మానడం, తేరుకోగానే మళ్ళీ మొదలుపెట్టడం జరుగుతూ వచ్చినది. 1938లో నాజీల బాధ పడలేక లండన్ చేరుకొన్న ఫ్రాయిడ్ 1939 సెప్టెంబరు 23న 83వ ఏట మరణించాడు.

అంగిలికి కాన్సర్ రావడం ప్రపంచంలో అరుదు. కాని మన శ్రీకాకుళం, విశాఖపట్టణం జిల్లాల వైద్యులకు ఈ వ్యాధి బాగా పరిచితమే. ఆ తీరప్రాంతాలలో, ముఖ్యంగా స్త్రీలలో, చుట్ట మండే కొనను నోటిలో పెట్టుకొని కాల్చే అలవాటు ఉన్నది. దీనిని అడ్డపొగ అంటారు. వేడి, పొగ రెండూ నేరుగా అంగిలిని తాకుతాయి. అక్కడి స్త్రీల అంగిలి కాన్సర్‌కు ఈ అలవాటే ముఖ్యకారణమని పరిశోధనలలో తేలినది. ఫ్రాయిడ్ చుట్టలను మామూలుగానే కాల్చాడు. అయినా వియన్నా పండితుని, సముద్రతీరపు పల్లె స్త్రీని పొగాకు ఒకే చోట దెబ్బ తీసినది.

శస్త్రవైద్యుని సందేహం

ఫ్రాయిడ్ కాలంలో చుట్టలు, పైపులు కాల్చేవారే ఎక్కువ. సిగరెట్లను చేతితో చుట్టేవారు కనుక అవి ఖరీదైనవి. 1881లో అమెరికాలో జేమ్స్ బాన్‌సాక్ సిగరెట్లు చుట్టే యంత్రానికి పేటెంటు పొందాడు. యంత్రం వచ్చిన తరువాత సిగరెట్టు చౌక అయినది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులకు తిండితోపాటు సిగరెట్లు కూడా పంచిపెట్టారు. యుద్ధం ముగిసి వారు ఇండ్లకు మరలినారు, అలవాటు కూడా వారి వెంట వచ్చినది.

1919లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఆల్టన్ ఆక్స్‌నర్ అనే వైద్య విద్యార్థిని, అతని సహాధ్యాయులను ఒక శవపరీక్ష చూడడానికి పిలిచారు. చనిపోయిన వ్యక్తికి ఊపిరితిత్తి కాన్సర్ ఉన్నది. అది ఎంతో అరుదైన వ్యాధి గనుక మళ్ళీ జీవితంలో చూసే అవకాశం రాకపోవచ్చునని ఆచార్యులు చెప్పారు. ఆ తరువాత పదిహేడేండ్ల వరకు ఆక్స్‌నర్‌కు మరొకటి కనిపించలేదు. 1936లో మాత్రం ఆరు నెలలలోనే తొమ్మిదిమంది అటువంటి రోగులు ఆయన వద్దకు వచ్చారు. అందరూ సిగరెట్లు కాల్చేవారే. ఈ మహమ్మారికి సిగరెట్టే కారణమని ఆయన అప్పుడే అనుమానించాడు.

ఈ అనుమానాన్ని అంగీకరించనివారిలో ఈవర్ట్స్ గ్రాహం ఒకడు. ఈయన సామాన్యుడు కాడు. 1933లో ఊపిరితిత్తి కాన్సర్ సోకిన ఒక రోగికి ఆ పక్క ఊపిరితిత్తిని మొత్తం ఒకేసారి తొలగించి, ప్రాణం నిలిపిన మొట్టమొదటి శస్త్రవైద్యుడు. ఆ రోగి జేమ్స్ గిల్‌మోర్ కూడా వైద్యుడే. గ్రాహం స్వయంగా సిగరెట్లు విరివిగా కాల్చేవాడు. ఎర్నెస్ట్ వైండర్ అనే యువ వైద్యవిద్యార్థి ఈ విషయం పరిశీలించడానికి అనుమతి కోరినప్పుడు, నమ్మకం లేకపోయినా ఆయన కాదనలేదు. ఇద్దరూ కలిసి 684 మంది రోగుల వివరాలు సేకరించి 1950 మే నెలలో ప్రకటించారు. రోగులలో అత్యధికులు ఎన్నో సంవత్సరాలుగా సిగరెట్లు కాల్చినవారేనని తేలినది.

తన లెక్కలే తన నమ్మకాన్ని తలక్రిందులు చేయగా గ్రాహం సిగరెట్లు మానాడు. కాని అప్పటికే ఆయన దశాబ్దాల తరబడి పొగ పీల్చి ఉన్నాడు. కొద్ది సంవత్సరాలకు ఆయన రెండు ఊపిరితిత్తులలోను కాన్సర్ కనిపించినది. తాను కనిపెట్టిన శస్త్రచికిత్స తనకే పనికిరాని స్థితి వచ్చినది. 1957 మార్చిలో గ్రాహం మరణించాడు. ఆయన ప్రాణం పోసిన గిల్‌మోర్ ఆయన తరువాత కూడా జీవించి ఉన్నాడు.

గ్రాహం కథ విన్నవారికి ఒక నిరాశ కలగవచ్చును. మానినా చనిపోయాడు గదా, ఇక మానడం ఎందుకు? ఒక్క మనిషి జీవితాన్ని చూసి ఇటువంటి ప్రశ్నకు సమాధానం చెప్పరాదు. వేలమంది జీవితాలను చూడాలి. ఆ పని బ్రిటన్‌లో జరిగినది.

నలభైవేల మంది వైద్యులు

బ్రిటన్‌లో ఊపిరితిత్తి కాన్సర్ మరణాలు ఏటేటా పెరుగుతూ ఉండడం వైద్య పరిశోధన మండలిని కలవరపెట్టినది. కారణం కనుక్కొనే పనిని గణాంక శాస్త్రజ్ఞుడు ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్‌కు, యువ వైద్యుడు రిచర్డ్ డాల్‌కు అప్పగించినది. 1912లో జన్మించిన డాల్ కూడా సిగరెట్లు కాల్చేవాడే. రోడ్ల మీద వేసే తారు, మోటారు వాహనాలు ఇందుకు కారణమై ఉండవచ్చునని ఆయన మొదట అనుకొన్నాడు.

లండన్ ఆసుపత్రులలో కాన్సర్ రోగులను, వారితో పోల్చి చూడడానికి ఇతర రోగులను ప్రశ్నించి అలవాట్లు వ్రాసుకొన్నారు. రోగుల సంఖ్య పెరిగే కొలది తారు సంగతి వెనుకబడి సిగరెట్టు సంగతి ముందుకు వచ్చినది. పరిశోధన పూర్తి కాకముందే, 1949లో, డాల్ సిగరెట్లు మానివేశాడు. 1950 సెప్టెంబరులో మొదటి నివేదిక వెలువడినది. ఊపిరితిత్తి కాన్సర్ సోకిన 649 మంది పురుషులలో పొగ త్రాగనివారు ఇద్దరే ఇద్దరు. అంతే సంఖ్యలోని ఇతర రోగులలో అటువంటివారు 27 మంది.

అయినా విమర్శకులు ఒప్పుకొనలేదు. వ్యాధి వచ్చినవారు తమ అలవాట్లను ఎక్కువ చేసి చెప్పి ఉండవచ్చునన్నారు. దీనికి సమాధానంగా హిల్, డాల్ మరొక మార్గం ఎన్నుకొన్నారు. ఆరోగ్యంగా ఉన్నవారి అలవాట్లను ముందుగానే వ్రాసి ఉంచుకొని, తరువాత ఎవరికి ఏమి జరుగుతుందో కనిపెట్టి చూడాలి. ఇందుకు వైద్యులను ఎన్నుకొన్నారు. వారి చిరునామాలు ప్రభుత్వ పట్టికలలో ఉంటాయి గనుక వారిని వెంబడించడం సులభం. 1951 అక్టోబరు చివర బ్రిటన్‌లోని వైద్యులకు ఒక చిన్న ప్రశ్నాపత్రం పంపారు. సుమారు నలభైవేల మంది జవాబిచ్చారు. అందులో పురుషులు 34,439 మంది.

రెండున్నర సంవత్సరాలు పూర్తిగా గడవకముందే ఫలితం కనిపించినది. 1954లో ప్రకటించిన తొలి లెక్కలలో ఊపిరితిత్తి కాన్సర్‌తో మరణించిన వైద్యులు 36 మంది. వారిలో పొగ త్రాగనివాడు ఒక్కడు కూడా లేడు. ఎన్ని ఎక్కువ సిగరెట్లు కాలిస్తే అంత ఎక్కువ ప్రమాదం. వ్యసనం ఎంత బలమైనదో చూపే సంఘటన ఒకటి ఆ సంవత్సరం ఫిబ్రవరిలోనే జరిగినది. పొగకూ ఈ వ్యాధికీ సంబంధం ఉన్నట్లు ప్రభుత్వం అంగీకరిస్తున్నదని పత్రికా విలేఖరులకు చెప్పిన ఆరోగ్యశాఖామంత్రి ఇయన్ మక్లౌడ్, ఆ సమావేశం జరుగుతున్నంతసేపూ సిగరెట్లు కాలుస్తూనే ఉన్నాడు.

కాని వైద్యులలో చాలామంది తమ తోటివారి మరణాల లెక్క చూసి మేలుకొన్నారు. క్రమక్రమంగా వేలమంది సిగరెట్లు మానివేశారు. దీనివల్ల ఎవరూ అనుకోని ప్రయోజనం కలిగినది. కాల్చేవారికీ, కాల్చనివారికీ తోడు, మానినవారు అనే మూడవ వర్గం ఏర్పడినది. ముప్పయవ ఏట మానినవారు కొందరు, అరవయ్యవ ఏట మానినవారు కొందరు. మానడం వల్ల ప్రయోజనం ఉన్నదా అనే ప్రశ్నకు వారి జీవితాలే సమాధానమైనవి.

ఈ పరిశీలన యాభై సంవత్సరాలు సాగినది. హిల్ 1991లో మరణించాడు. రిచర్డ్ పీటో మొదలైనవారితో కలిసి డాల్ 2004లో ఆఖరు లెక్కలు ప్రకటించాడు. అప్పటికి ఆయన వయస్సు 91. సిగరెట్లు కాలుస్తూనే ఉన్నవారు, కాల్చనివారి కంటె సగటున పది సంవత్సరాలు ముందుగా మరణించారు. అరవయ్యవ ఏట మానినవారు అందులో సుమారు మూడు సంవత్సరాలు, యాభయ్యవ ఏట మానినవారు ఆరు, నలభయ్యవ ఏట మానినవారు తొమ్మిది సంవత్సరాలు తిరిగి సంపాదించుకొన్నారు. ముప్పయవ ఏట మానినవారికి దాదాపు పదికి పది దక్కినవి. గ్రాహం కథ కలిగించిన నిరాశకు ఇదే జవాబు. ఆలస్యమైన కొలది లాభం తగ్గుతుంది గాని, లాభమే లేని వయస్సు ఆ లెక్కలలో కనబడలేదు.

పట్టి ఉంచే పదార్థం

మానడం మంచిదని తేలినది. మరి అంత కష్టం ఎందుకు? పొగాకులోని సారాన్ని 1828లోనే జర్మనీలోని హైడెల్‌బర్గ్ నగరంలో పోసెల్ట్, రైమన్ అనే ఇద్దరు వేరుచేశారు. 1560లో పొగాకును ఫ్రాన్సు రాజాస్థానానికి పంపిన రాయబారి జాన్ నికో పేరు మీదుగా దానికి నికోటిన్ అనే పేరు వచ్చినది. అయితే మనిషిని పట్టి ఉంచేది ఈ పదార్థమా, లేక చేతికీ నోటికీ పట్టిన అలవాటా అన్నది చాలాకాలం తేలలేదు.

1942లో లెనాక్స్ జాన్‌స్టన్ అనే బ్రిటిష్ వైద్యుడు సాహసంతో ఒక పరీక్ష చేశాడు. నికోటిన్‌ను సూదిమందుగా తాను పొడుచుకొని, మరి 35 మందికి కూడా ఇచ్చి చూశాడు. పొగ త్రాగేవారికి అది హాయిగా తోచినది. వరుసగా ఎనభై వరకు సూదులు తీసుకొన్న తరువాత వారికి సిగరెట్టు కంటె సూదే ఇష్టమైనది. సూది ఆపగానే మళ్ళీ వాంఛ పుట్టినది. పొగ లేకుండానే పొగ కోరిక తీరినదన్న మాట. ఈ పరీక్షను ఆనాడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

దీని అంతరార్థం నేడు తెలిసినది. పీల్చిన పొగలోని నికోటిన్ కొన్ని సెకండ్లలోనే మెదడును చేరుతుంది. అక్కడి నాడీకణాల మీద, సహజంగా అసిటైల్ కోలిన్ అనే పదార్థం అతుక్కోవలసిన స్థానాలను ఆక్రమించుకొంటుంది. అందువల్ల డోపమిన్ అనే మరొక పదార్థం విడుదలై తృప్తి కలుగుతుంది. ఈ తాకిడి రోజుల తరబడి సాగితే మెదడులో ఆ స్థానాల సంఖ్య పెరుగుతుంది. అప్పుడు సిగరెట్టు ఆపితే అవన్నీ ఖాళీగా ఉండి ఆకలిగొన్నట్లవుతాయి. చిరాకు, నిద్రలేమి, మనస్సు నిలకడ లేకపోవడం, దిగులు, అధికమైన ఆకలి మొదలవుతాయి. ఈ బాధ మొదటి వారంలో అన్నిటికంటె తీవ్రంగా ఉండి, సాధారణంగా మూడు నాలుగు వారాలలో తగ్గుముఖం పడుతుంది. మళ్ళీ ఒక సిగరెట్టు వెలిగించగానే ఆ బాధ మాయమవుతుంది. అది సిగరెట్టు ఇచ్చిన వరం వలె కనబడుతుంది గాని, నిజానికి సిగరెట్టు తాను చేసిన అప్పును తానే కొద్దిగా తీర్చినట్లు మాత్రమే. ఫ్రాయిడ్ కలం కదలడంలోని రహస్యం చాలావరకు ఇదే.

జలాంతర్గామి నేర్పిన ఉపాయం

బాధకు కారణం నికోటిన్ లేమి అయితే, పొగ లేకుండా నికోటిన్ ఇచ్చి, దానిని మెల్లమెల్లగా తగ్గించవచ్చును గదా? ఈ ఆలోచనకు దారి చూపినవారు స్వీడన్ దేశపు నావికులు. జలాంతర్గామిలో సిగరెట్టు వెలిగించడానికి వీలులేదు. అక్కడి నావికులు పొగకు బదులు నోటి పొగాకుతో సరిపెట్టుకోవడం లుండ్ నగరపు పరిశోధకుడు క్లాస్ లుండ్‌గ్రెన్ గమనించాడు. 1967లో ఈ సంగతిని మందుల సంస్థలో పనిచేసే రసాయన శాస్త్రజ్ఞుడు ఓవె ఫెర్నోకు ఉత్తరం ద్వారా తెలిపాడు. ఫెర్నో కూడా పొగ త్రాగేవాడే. నికోటిన్‌ను నమిలే బంకలో చేర్చి, అది నెమ్మదిగా ఊరేటట్లు చేయడానికి ఏండ్ల తరబడి శ్రమించాడు. 1978లో స్విట్జర్లాండులో మొదటిసారిగా ఈ బంక అమ్మకానికి అనుమతి లభించినది. తరువాత చర్మానికి అంటించే పట్టీలు, ఇతర మందులు వచ్చినవి. వీటిని వైద్యుని సలహాతో వాడినవారిలో మానగలిగినవారి సంఖ్య పెరిగినది. 1988లో అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి వెలువరించిన నివేదిక నికోటిన్ నిజమైన వ్యసనకారి అని స్పష్టంగా ప్రకటించినది.

మందు ఒక్కటే సాధనం కాదు. 1979లో లండన్‌లో మైకేల్ రస్సెల్, ఆయన సహచరులు రెండువేలకు పైగా రోగుల మీద ఒక పరిశీలన ఫలితం ప్రకటించారు. ఏ సలహా ఇవ్వనివారిలో ఒక సంవత్సరం పాటు పొగ మానినవారు నూటికి 0.3 మంది మాత్రమే. వైద్యుడు ఒకటి రెండు నిమిషాలు మానమని చెప్పి, ఒక కరపత్రం ఇచ్చి, మళ్ళీ అడుగుతామని హెచ్చరించినవారిలో నూటికి 5.1 మంది మానగలిగారు. ఈ సంఖ్య చిన్నదే. కాని ఒక దేశంలోని వైద్యులందరూ ఆ రెండు నిమిషాలు వెచ్చిస్తే మానేవారు లక్షలలో ఉంటారు. మన దేశంలో 2003లో పొగాకు నియంత్రణ చట్టం వచ్చినది. 2018 నుండి సిగరెట్టు పెట్టెల మీద, మానదలచినవారికి సహాయపడే ఉచిత టెలిఫోను నంబరు కూడా ముద్రిస్తున్నారు.

ఒక ప్రశ్న, దాని జవాబు

ఈ పాఠం తరగతిలో చెప్పేటప్పుడు ఎవరో ఒక విద్యార్థి లేచి, మా తాతగారు చుట్టలు కాల్చి ఎనభై ఏండ్లు దాటి బ్రతికారు గదా అని అడగవచ్చును. ప్రశ్న సమంజసమైనదే. ఫ్రాయిడ్ కూడా 83 ఏండ్లు బ్రతికాడు. అయితే అందులో ఆఖరు పదహారు ఏండ్లు ఎట్లా గడచినవో కూడా చెప్పాలి. 1949లో, అంటే నలభై ఏండ్లు రాకముందే, సిగరెట్లు మానిన డాల్ 2005లో 92వ ఏట మరణించాడు. దీనిని కూడా ఋజువుగా చూపరాదు. ఒక తాతగారి ఆయుర్దాయం గాని, ఒక శాస్త్రజ్ఞుని ఆయుర్దాయం గాని నియమాన్ని నిర్ణయించవు. 34,439 మంది జీవితాలను యాభై ఏండ్లు వెంబడించవలసి రావడం ఇందుకోసమే.

ఇంటిలో పొగ మానడానికి ప్రయత్నించి మళ్ళీ మొదలుపెట్టిన తండ్రినో, మామయ్యనో చూసి చేతకానివాడని పిల్లలు నవ్వకూడదు. మొదటి ప్రయత్నంలోనే నెగ్గేవారు తక్కువ. పలుమార్లు ఓడి, చివరకు నెగ్గినవారే ఎక్కువ. ఏడు వారాలు ఓర్చుకొన్న ఫ్రాయిడ్‌కు, తాను గడిచిన బాధలో అధికభాగం అప్పటికే గడిచినదని చెప్పగలవారు ఆనాడు ఎవరూ లేరు. ఈనాడు ఆ మాట చెప్పడానికి ఒక ఉపాధ్యాయుడు చాలును, ఒక విద్యార్థి అయినా చాలును.